మనోవర్తి బిచ్చం కాదు



మొగుడు వదిలేసిన ఆడబిడ్డకు వాడపెద్దలు చెప్పే తీర్పు ఒక్కటే: "సర్దుకుపో." ఇంట్లో మొదట డిగ్రీ చదివిన మేమూ ఆ పంచాయితీల్లో తలలూపినోళ్లమే. అది మా తప్పు.

జరుగుబాటు లేని భార్య, పిల్లలు విడాకులతో పనిలేకుండా మనోవర్తి అడగొచ్చు. పాత 125వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 144 అయింది. నెంబరు మారింది గానీ హక్కు పోలేదు. ఆమె ఉంటున్న చోటి కోర్టులోనే కేసు వేయొచ్చు.

వకీలు ఖర్చంటారా? 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంతని చూడకుండా న్యాయసేవా కమిటీ ఉచితంగా వకీలును పెట్టాలి.

రేషన్ కార్డంటారా? 2013 ఆహార భద్రత చట్టం కింద 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామే ఇంటి పెద్ద.

ఆ అక్క కోర్టు మెట్లెక్కే రోజు మనమంతా వెంట నడుద్దాం. జై భీమ్!