అమ్మకూ చలి వేస్తుంది



నంద్యాల, ఆళ్లగడ్డ అనగానే ఎవరికైనా ఎండే గుర్తొస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడ ఉన్నాయి. ఎండకు ఏం చేయాలో ప్రతి ఇంట్లో తెలుసు. కుండ నీళ్లు, మజ్జిగ, తలమీద కొంగు. చలి సంగతి అలా కాదు. ఏడాదిలో నెలో, నెలన్నరో ఉండి పోతుంది. "ఈ నాలుగు రోజులకు స్వెట్టరు ఎందుకులే" అనుకుంటారు. అందుకే చలి గట్టిగా వచ్చిన ఏడు ఎండల ఊరి మనుషులే ఎక్కువ బాధపడతారు.

తిరునాళ్లు, యాత్రలు కూడా ఆ చలి రోజుల్లోనే వస్తాయి. కనుమ నాడు అహోబిలంలో స్వామి పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరూ తిరుగుతుంది. ఆ తర్వాత శివరాత్రి. మహానంది కోనేట్లో మునకలు. జనం తెల్లవారక ముందే కదులుతారు. పిల్లలు, ముసలివాళ్లు, బాలింతలు అందరూ కదులుతారు.

ఒక పల్లె కథ చెప్పుకుందాం.

ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లె అనుకోండి. అక్కడి పొదుపు సంఘంలో పన్నెండు మంది ఆడవాళ్లు. సంక్రాంతి పోయిన వారానికి అహోబిలం పోదామనుకున్నారు. రెండు ఆటోలు మాట్లాడుకున్నారు. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఎగువ అహోబిలం ఇంకో 8 కిలోమీటర్లు. అంతా నల్లమల అడవి దారి.

వాళ్లలో ఒక పడుచు తల్లి ఉంది. ఆమెకు ఐదు నెలల పాప, నాలుగేళ్ల కొడుకు. డెబ్బై ఏళ్ల అత్త కూడా బయలుదేరింది. ఆ తల్లి మూడు గంటలకే లేచింది. తలకు పోసుకుంది. పాపకు టోపీ పెట్టింది. కొడుక్కు స్వెట్టరు తొడిగింది. అత్తకు కంబళి కప్పింది. ఇంట్లో మొగునికి సంగటి కెలికి పెట్టింది. ఆఖరికి తనకు ఏమీ మిగల్లేదు. కట్టుకున్నది పండగ చీర, పల్చటిది. జుట్టు తడి ఆరలేదు. దర్శనం అయ్యేదాకా ఏమీ తిననని మొక్కుకుంది.

"నువ్వేమన్నా కప్పుకో అమ్మీ" అంది అత్త.

"నాకేం చలి లేదులే అత్తా" అంది కోడలు.

ఆటోకు రెండు పక్కలా తలుపులు లేవు. గాలి సూటిగా కొట్టింది. కొండ దగ్గర భవనాశినిలో కాళ్లు కడుక్కునేటప్పుడు చీర మోకాళ్ల దాకా తడిసింది. పాపను ఎత్తుకుని ఎక్కేసరికి చెమట పట్టింది. రవిక తడిసింది. పైకి పోయి నీడలో రాతి బండ మీద కూర్చుంది. అప్పుడు మొదలైంది వణుకు. పళ్లు టకటక కొట్టుకున్నాయి. పక్కవాళ్లు చూసి నవ్వారు.

కాసేపటికి కొడుకు స్వెట్టరు గుండీ పెట్టబోతే వేళ్లు కదల్లేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. పాప ఏడుస్తున్నా ఆమె గబుక్కున లేవలేదు. లేస్తే కాళ్లు తడబడ్డాయి.

అత్త అది కనిపెట్టింది. "ఇది నవ్వులాట కాదు మే! దీనికి చలి లోపలికి పోయింది" అంది. నలుగురు ఆడవాళ్లు చీర అడ్డం పట్టారు. తడి బట్టలు విప్పించారు. ఒకామె సంచిలోని పొడి చీర ఇచ్చింది. అత్త తన కంబళి తీసి కప్పింది. బండ మీద నుంచి లేపి, కింద బొంత పరిచి కూర్చోబెట్టారు. అటొకరు ఇటొకరు ఆనుకుని కూర్చున్నారు. తెలివిగానే ఉంది కాబట్టి వెచ్చని పాలు చక్కెర వేసి కొంచెం కొంచెం తాగించారు. అరగంటకు వణుకు తగ్గింది. మాట సరిగా వచ్చింది. పాపను అడిగి తీసుకుంది.

ఇంతకూ ఆమెకు ఏం జరిగింది?

మన ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీలు ఉంటుంది. లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే ప్రమాదం. వణుకు అంటే ఒళ్లు తనకు తాను వేడి పుట్టించుకోవడం. మాట తడబడినా, మత్తుగా ఉన్నా చలి ముదురుతున్నట్టు లెక్క. వణికి వణికి, ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం. "చలి తగ్గింది" అనుకోకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. మత్తులో ఉన్న మనిషి నోట్లో ఏదీ పోయకూడదు. సారా, బ్రాందీ అసలే వద్దు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది, కానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది.

ఒంటి వేడిని ఎత్తుకుపోయే దొంగలు నలుగురు.

మొదటి దొంగ గాలి. ఒంటి చుట్టూ ఉన్న వెచ్చదనాన్ని తోసేస్తుంది.

రెండో దొంగ తడి. నలుగురిలో గజదొంగ ఇదే. గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగుతుంది. మహానంది కోనేరు చూడండి. భూమిలోంచి ఊరే ఆ నీరు చలికాలంలో వెచ్చగా తోస్తుంది. మునిగినప్పుడు హాయిగానే ఉంటుంది. గట్టెక్కి తడి చీరతో గాలిలో నిలబడినప్పుడే చలి పట్టుకుంటుంది. అందుకే కోనేట్లో దిగక ముందే పొడి బట్టలు, తువ్వాలు గట్టు మీద సిద్ధం చేసుకోవాలి.

మూడో దొంగ నేల. చల్లని బండ కింద నుంచి వేడిని పీలుస్తుంది. కూర్చునే చోట గోనెపట్టా అయినా పరుచుకోవాలి.

నాలుగో దొంగ ఆకలి. పొయ్యిలో కట్టె లేకపోతే మంట ఎక్కడిది? కడుపులో తిండి లేకపోతే ఒంట్లో వేడి ఎక్కడిది? చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి, కడుపుతో ఉన్న తల్లి చలిలో పస్తు ఉండకూడదు. రెండు జొన్న రొట్టెలు, గుప్పెడు వేయించిన బుడ్డలు, ఇంత బెల్లం సద్ది కట్టుకోవాలి.

మరి ఈ దొంగలను ఆపేది ఎట్లా? ఆ సంగతి మన బొంత చెబుతుంది.

పాత చీరలు నాలుగైదు పొరలుగా వేసి బొంత కుడతారు. విడివిడిగా చూస్తే ఆ చీరలన్నీ పల్చటివే. కలిపితే ఎందుకు వెచ్చగా ఉంటుంది? పొరకూ పొరకూ మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. ఒంటి మీద బట్టలు కూడా బొంత లాగే ఉండాలి. ఒక్క మందపాటి దుప్పటి కంటే రెండు మూడు పొరలు మేలు.

లోపల ఒంటికి పొడి నూలు బట్ట. దాని మీద ఉన్ని స్వెట్టరు. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం ఇస్తుంది. అన్నిటికీ పైన గాలి చొరని మందపాటి బట్ట. చెవులకు, తలకు మఫ్లరు. కాళ్లకు మేజోళ్లు. కొండ ఎక్కేటప్పుడు చెమట పట్టక ముందే ఒక పొర తీసి సంచిలో పెట్టాలి. కూర్చోగానే మళ్లీ వేసుకోవాలి. ప్రయాణం రోజు తలస్నానం చేయాలంటే జుట్టు పూర్తిగా ఆరాకే బయలుదేరాలి.

స్వెట్టరు లేదా? మొగుని పొడుగు చేతుల చొక్కా చీర మీద వేసుకోండి. "అందరూ నవ్వుతారు" అంటారా? పత్తి చేనికి, మిరప తోటకు పోయేటప్పుడు ఆ చొక్కానే కదా వేసుకునేది! చేనిలో లేని సిగ్గు తిరునాళ్లలో ఎందుకు?

2004లో హైదరాబాదులో స్నో వరల్డ్ అని ఒక వినోద స్థలం తెరిచారు. లోపలంతా మంచు. నీరు గడ్డకట్టే చలి. అక్కడికి పోయినవాళ్లకు గుమ్మం దగ్గరే కోటు, చేతి తొడుగులు, బూట్లు ఇచ్చేవారు. అవి తొడుక్కున్నాకే లోపలికి. పిల్లలకూ తల్లులకూ అదే పద్ధతి. తల్లి కదా, ఫరవాలేదని ఎవరూ వదిలిపెట్టలేదు. అహోబిలం కొండ దగ్గర అలా ఇచ్చేవాళ్లు ఉండరు. కాబట్టి మన ఇంటి గుమ్మం దగ్గరే మనం చూసుకోవాలి. తల్లితో సహా అందరి ఒంటి మీద పొరలు లెక్కపెట్టాకే గడప దాటాలి.

చంటిబిడ్డల సంగతి ఇంకా జాగ్రత్త. పెద్దలకు ఉన్నన్ని పొరల మీద బిడ్డకు ఒకటి ఎక్కువ వేయాలి. ముఖం మాత్రం కప్పకూడదు. ఊపిరి ఆడాలి. బిడ్డ పొట్ట, పాదాలు ముట్టి చూడండి. రెండూ చల్లగా ఉంటే బిడ్డకు చలి పట్టినట్టే. అప్పుడు బిడ్డను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించి, పైన కంబళి కప్పాలి. పాలు పట్టాలి. బిడ్డ పాలు తాగకపోతే, మందకొడిగా ఉంటే ఆస్పత్రికి తీసుకుపోవాలి. 1978లో కొలంబియా అనే దేశంలో డాక్టర్లు నెలలు నిండని బిడ్డలను ఇలాగే తల్లుల గుండెకు ఆనించి కాపాడటం మొదలుపెట్టారు. అక్కడ బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలలేదు. తల్లి ఒళ్లే ఆ పెట్టె అయింది. మరి ఆ తల్లి ఒళ్లే చల్లబడితే బిడ్డకు వెచ్చదనం ఎవరిస్తారు?

ఇంకొక మాట మరువకండి. సత్రం గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. బొగ్గుల నుంచి ఒక విషవాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి కాచుకోవడం బయటనే. చీర కొంగు మంటకు దూరం.

చలి ఎంత ఉందో ముందే తెలుసుకోవచ్చు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది కదా! నంద్యాల 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా అయింది. పేపరులో వాతావరణం అని ఉన్న చోట నంద్యాల పేరు వెతకండి. "కనిష్ఠం" అనే మాట పక్కన అంకె ఉంటుంది. ఆ రోజు అన్నిటికంటే తక్కువ వేడి అదే. మన వంటి మైదాన ప్రాంతాల్లో అది 10 డిగ్రీలకు దిగి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తక్కువైతే దాన్ని శీతల గాలులు అంటారు. ఆ మాట కనబడితే ప్రయాణం కొంచెం పొద్దెక్కాక పెట్టుకోండి. తెల్లవారే ముందే చలి ఎక్కువ. దేవుడు ఎక్కడికీ పోడు.

మళ్లీ మన కథలోకి వద్దాం. ఆ పన్నెండు మంది ఊరికి తిరిగి వచ్చారు. మరుసటి ఏడు కూడా అహోబిలం పోయారు. ఈసారి ముందు రోజు రాత్రే కోడలు పలక తీసుకుంది. ఒక పట్టీ రాసింది.

పాపకు: టోపీ, స్వెట్టరు, మేజోళ్లు, రెండు జతల పొడి బట్టలు.
బాబుకు: స్వెట్టరు, మఫ్లరు, పొడి నిక్కరు.
అత్తకు: కంబళి, మేజోళ్లు, ఆయాసం మందు.
అందరికీ: బొంత, గోనెపట్టా, జొన్న రొట్టెలు, బెల్లం.

రాసి అత్తకు చదివి వినిపించింది. అత్త అంతా విన్నది. "ఒక పేరు తప్పిపోయింది అమ్మీ" అంది. కోడలు మళ్లీ చూసుకుంది. నవ్వింది. బలపం తీసుకుని పట్టీకి మొట్టమొదట ఇలా రాసింది.

నాకు: చొక్కా, మఫ్లరు, పొడి చీర.

అక్కలారా! ఇప్పుడు మీరు కూడా మీ ఇంటి పట్టీ రాయండి. మీ పేరుతో మొదలుపెట్టండి.