ఆరేళ్ళ దవడపన్ను – లేజరు కాంతి



పళ్ళ గురించి మాట్లాడమన్నారు కనుక కట్టుడుపళ్ళ సంగతి చెబుతానని తమరు అనుకొని ఉంటారు. కాదు, మనుమల పళ్ళ సంగతి. తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళితే వాళ్ళకు పూతరేకులు, తాపేశ్వరం కాజాలు తినిపించేది మనమే కదా!

సుమారు ఆరో ఏట పాలపళ్ళ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు దవడపళ్ళు వస్తాయి. ముందుపళ్ళ మధ్య నుంచి లెక్కపెడితే ఆరవది. ఏదీ ఊడలేదు గనుక ఇదీ పాలపన్నే అనుకొని, పిప్పి పట్టినా "ఊడి కొత్తది వస్తుందిలే" అని ఊరుకుంటాము. అది శాశ్వత దంతం. పోతే మళ్ళీ రాదు.

పన్ను పైకి వచ్చాక దాని వేరు పూర్తిగా తయారవడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది. ఆ పని చేసేది లోపలి మెత్తని పల్ప్, మన వాడుకలో నరం. ఈలోగా దానిని మొత్తం తీసేస్తే వేరు గోడలు పలచగానే మిగిలి, పన్ను తేలికగా విరుగుతుంది. అందుకే, వీలైనచోట, పైభాగంలోని నరం మాత్రమే తీసి, రక్తం ఆగాక వేరులోని ప్రాణమున్న భాగంపై మందు వేసి గట్టిగా మూసేస్తారు. దీని పేరు పల్పాటమీ. పూర్వం కాల్షియం హైడ్రాక్సైడ్ వేసేవారు. 1990లలో అమెరికాలో రూపొందిన ఎం.టి.ఏ. వచ్చాక ఫలితాలు మెరుగుపడ్డాయి. అది మన ఇళ్ళు కట్టే సిమెంటుకు దగ్గరి చుట్టమే!

ఇక లేజరు. ఇక్కడ వాడేది కోసే లేజరు కాదు, వేడి పుట్టించని తక్కువ శక్తి కాంతి. 1967లో హంగరీ డాక్టరు ఎండ్రే మెస్టర్ ఎలుకలపై ఇటువంటి కాంతి ప్రసరింపజేస్తే, గొరిగినచోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. మందు వేసేముందు నరంపై కాసేపు ఈ కాంతి పడితే వాపు తగ్గి గాయం త్వరగా మానుతుందని వైద్యుల ఆశ. పరిశోధనలు జరుగుతున్నా అవి ఎక్కువగా చిన్నవి. అసలు బలం మందుదీ, పైకప్పుదీ. కనుక లేజరు లేదని వైద్యం వాయిదా వేయకండి. లేజరు పేరుతో ఎక్కువ ఫీజు అడిగితే, ఏ మందు వేస్తారు, కప్పు ఎప్పుడు వేస్తారు, వేరు పెరుగుదలకు ఎక్స్‌రే ఎప్పుడు తీస్తారు అని అడగండి.

భీమవరం విష్ణు దంతవైద్య కళాశాలలోను, రాజమండ్రి దగ్గర జి.ఎస్.ఎల్. దంతవైద్య కళాశాలలోను పిల్లల దంతవైద్య విభాగాలున్నాయి. ఈ రాత్రే టార్చిలైటు వేసి మనుమల ఆరవ పన్ను చూడండి. నల్లని గుంట కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగవద్దు. ఇక తమరి ప్రశ్నలు అడగవచ్చు.