మాతృభాష – రాజ్యాంగ రక్షణ



అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పదేళ్ల బాలునికి జర్మన్ భాష నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయునికి 25 డాలర్ల జరిమానా పడింది. 1923లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ఆధారం, వారి రాజ్యాంగపు పద్నాలుగవ సవరణలోని ‘స్వేచ్ఛ’ అనే ఒక్క మాట.

ఇంట తెలుగు, కచేరీలో కన్నడం వాడే మన కోలారు జిల్లావారికి అంత క్లుప్తత చాలదు. మన రాజ్యాంగంలోని 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు సొంత విద్యాసంస్థల హక్కునిచ్చింది. 1956లో చేరిన 350-ఏ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించ ‘యత్నించాలని’ రాష్ట్రాలకు చెప్పింది. ఆ క్రియాపదం నాకెప్పుడూ బలహీనంగానే తోస్తుంది.

2014లో, కర్ణాటక వ్యాజ్యంలోనే, ప్రాథమిక పాఠశాలలపై మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం రుద్దరాదని, ఎంపిక బిడ్డ తరఫున తల్లిదండ్రులదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తల్లిదండ్రులారా, వచ్చే జూన్‌లో మీ బిడ్డను ఏ బడిలో చేర్పించనున్నారు?