మాక్ చంక్ కొండ చెప్పే పాఠము
(కార్మిక అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, లీహై నదీతీరాన, నిటారైన కొండల నడుమ ఒక చిన్న పట్టణమున్నది. దాని నేటి పేరు జిమ్ థార్ప్. 1954 వరకు అది మాక్ చంక్. యాత్రికులు అచట రైలెక్కి నదీలోయ సొగసును చూచి ఆనందించుచున్నారు. ఆనందించవలసినదే. కాని ఆ కొండల చరిత్ర రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనము ప్రత్యేకించి తెలిసికొనదగినది.

1827లో సమ్మిట్ హిల్ గనుల నుండి మాక్ చంక్ వరకు సుమారు 9 మైళ్ళ రైలుమార్గము వేసిరి. దానికి ఇంజను లేదు. బొగ్గుబండ్లు తమ బరువుతోనే వాలున జారెడివి; బ్రేకు పట్టిన కార్మికుడే వాటికి రక్ష. కంచరగాడిదలు బండ్లలోనే క్రిందికి దిగివచ్చి, ఖాళీ బండ్లను తిరిగి పైకి లాగెడివి. 1840 దశకమున ఆ పనికి కొండలపై ఆవిరియంత్రములు వచ్చినవి. 1872 తర్వాత బొగ్గు వేరుదారి పట్టగా, ఇది విహారయాత్రల బండియై 1933 వరకు నడచినది. 1937లో దాని పట్టాలు పాత ఇనుముగా అమ్ముడుపోయినవి.

ఆ బొగ్గు ప్రాంతమున గనిని, రైలును ఒకే యాజమాన్యము చేజిక్కించుకొన్నపుడు ఏమి జరిగినది? 1875లో వేతనాల కోతపై గని కార్మికులు నెలల తరబడి సమ్మె చేసి, ఆకలికి లొంగిపోయిరి. వారి సంఘము కూలినది. పిమ్మట ఐరిష్ కార్మికులు పలువురిపై "మాలీ మగ్వైర్స్" అను రహస్య ముఠా పేర హత్యానేరములు మోపబడినవి. హత్యలు జరిగిన మాట నిజమే. కాని నేర పరిశోధన ప్రైవేటు డిటెక్టివులది. అరెస్టులలో కంపెనీ జీతమిచ్చు పోలీసుల పాత్ర యున్నది. రీడింగ్ రైల్వే అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ గోవెన్ కొన్ని కేసులలో స్వయముగా ప్రాసిక్యూటరుగా వాదించెను. ఫిర్యాది, పోలీసు, ప్రాసిక్యూటరు ఒకే పక్షమైనచో న్యాయమునకు మిగులు చోటెంత? 1877 జూన్ 21న మాక్ చంక్‌లో నలుగురిని, పాట్స్‌విల్‌లో ఆరుగురిని ఉరితీసిరి. 1879 నాటికి ఉరికంబమెక్కినవారు 20 మంది. వారిలో జాన్ కెహోకు రాష్ట్ర గవర్నరు 1979లో క్షమాభిక్ష ప్రసాదించెను. అది నూరేండ్లు ఆలస్యముగా వచ్చిన క్షమ!

ఉరితీత కార్మికోద్యమమును ఆపలేదు. నెల తిరుగకముందే, 1877 జులైలో, వేతనాల కోతకు నిరసనగా మార్టిన్స్‌బర్గ్‌లో రైల్వే కార్మికులు పని నిలిపిరి. ఆ సమ్మె రాష్ట్రమునుండి రాష్ట్రమునకు ప్రాకినది. 1894 పుల్‌మన్ సమ్మెలో ప్రభుత్వము తపాలా రవాణాకు ఆటంకమను కారణము చూపి కోర్టు నిషేధాజ్ఞ తెచ్చినది. దానిని ధిక్కరించినందుకు యూజిన్ డెబ్స్ ఆరు నెలల కారాగారశిక్ష అనుభవించెను. రైలును, తపాలా సంచిని కార్మికునిపై ఆయుధముగా వాడిన ఘట్టమది. కనుకనే ఈ రెండు శాఖల ఐక్యత వట్టి నినాదము కాదు.

మిత్రులారా! మాక్ చంక్ పాత జైలు నేడు ప్రదర్శనశాల. ఒక గది గోడపై ఉరిశిక్ష పొందిన వాని చేతిముద్ర చెరగకున్నదని స్థానికుల కథ. కథ ఎట్లున్నను, ఆ మనుష్యుల పేర్లు మిగిలినవి. మన సంగతియేమి? 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో పాల్గొన్నవారు నేడు వృద్ధులు. వారి నోటిమాటను ప్రతి శాఖయు వ్రాసి భద్రపరచవలెను. సస్పెన్షన్ ఉత్తరువులు, కరపత్రములు, ఛాయాచిత్రములు ఇండ్లలో చెదలపాలు కాకముందే సేకరించవలెను. ఈ పనికి నిధులు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక సాయంకాలము చాలును.