ఆనప పిందెలు ఎందుకు రాలుతున్నాయి?



మా ఆవిడ డాబా మీద పెట్టిన ఆనపపాదు పందిరంతా అల్లుకుంది గానీ, పిందెలన్నీ వేలెడు కాకుండానే పసుపుబారి రాలిపోయేవి. ఎరువు చాలలేదని నేను, దిష్టి తగిలిందని ఆవిడ. పీకేద్దామన్నాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సంగతేమిటంటే, ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. పగలు తిరిగే తేనెటీగలు అప్పటికి గూటికి చేరిపోతాయి. అందుకని చీకటి పడే వేళ మగపువ్వు కోసి, రేకులు తీసేసి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో పుప్పొడి మెల్లగా అద్దాలి. మొదట్లో అన్నీ మగపువ్వులే పూస్తాయి, కంగారు పడకండి. మోకాళ్ళ నొప్పులవారు మనవలను మేడ ఎక్కించండి.

మాకు ఐదు కాయలు నిలిచాయి. గోరు దిగేటప్పుడే కోయండి. చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి; చేదైతే ఉమ్మేసి కాయ పారేయండి. పొద్దున్నే ఆనప రసం తాగే అలవాటున్నవారికి మరీ మరీ చెబుతున్నాను, చేదు కాయ ప్రాణం మీదికి తెస్తుంది.