ఎవరూ అడగని అడవి
(భద్రాచలం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం నుంచి)

హక్కుల సభలో వీడియో ఆట గోలేమిటని మీకు అనిపించవచ్చు. 2011లో వచ్చిన 'స్కైరిమ్' అనే ఆటను ఇక్కడి డిగ్రీ అమ్మాయిలు ముగ్గురు ఈమధ్య మొదలుపెట్టారు. కొండలు, అడవులు, ఊళ్లతో అదొక పెద్ద లోకం. మొదటి రెండు రోజులూ ఎలా ఉందని అడిగాను. డ్రాగన్ల గురించి చెబుతారనుకున్నాను.

"ఆడమనిషినే ఎంచుకున్నా మేడమ్. అర్ధరాత్రి అడవంతా ఒక్కదాన్నే తిరిగా. ఎక్కడికెళ్లావని ఎవరూ అడగలేదు" అంది ఒకమ్మాయి. అసలు కథ పక్కన పెట్టి కొండలెక్కుతున్నారట! తోడేళ్లు చంపితేనో? "మళ్లీ మొదలుపెడతాం" అని నవ్వారు. బయట అమ్మాయికి ఒక్క తప్పటడుగుకే చదువు మాన్పిస్తారు; ఆ నవ్వు నాకు ఊరికే అర్థం కాలేదు.

కోయ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అక్కడ పువ్వు, పుట్టగొడుగు ఏది కోసుకున్నా అడిగేవాడు లేడు. మా అమ్మ ఇప్పపువ్వు ఏరుకొస్తే గార్డుకు జవాబు చెప్పాలి" అంది.

చెప్పనక్కర్లేదు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించి అమ్ముకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. పెళ్లయినవారికిచ్చే భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరుతో ఉండాలనీ చెప్పింది. మీ ఇంటి పట్టాలో అమ్మ పేరుందా అని అడిగాను. ఆ పిల్లకు తెలియదు. ఇంటికెళ్లి చూసి చెబుతానంది.