వేషం కట్టేవాడికి జ్వరమొస్తే

(సాంస్కృతిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నోట్లోని మాటలోనే ఒక తిరకాసుంది. ఎవడన్నా ఒంట్లో బాగాలేదంటే "ఏంరా, నాటకాలాడుతున్నవా?" అంటాం. "వేషాలు వెయ్యకు" అంటాం. మామూలు మనిషికే ఇట్లుంటే, నిజంగా వేషం కట్టేవాడికి జ్వరమొస్తే వాడి గతేం గావాలె? జ్వరం కూడా వేషమే అయిపోతది.

ఈ మాట ఎందుకెత్తానో మీకు తెలుసు. ఏప్రిల్ 14 నాటి మన నాటకం నుంచి ఒక తమ్ముడు రెండు రోజుల ముందు తప్పుకున్నడు. ఛాతిలో నొప్పన్నడు. ఆనాటి నుంచి ఏ హోటల్ కాడ మనోళ్ళిద్దరు కూసున్నా ఒకటే చర్చ: నొప్పి నిజమా, పైసలు నిజమా? ఫలానా పార్టీవాడు కొన్నడట. ఎక్కడో పెండ్లిలో తింటుంటే చూసినరట. చూసినోళ్ళెవరయ్యా అంటే ఒక్కడూ లేడు, అందరూ విన్నోళ్ళే. అతని పేరు నేను ఈ సభలో ఎత్తను. దాని బదులు దూరదేశంలో జరిగిన ఒక సంగతి చెప్తా.

2008లో అమెరికాలో, న్యూయార్కు బ్రాడ్వే నాటకశాలల్లో 'స్పీడ్-ద-ప్లౌ' అనే నాటకం ఆడుతున్నది. డేవిడ్ మామెట్ రాసింది. అందులో ముఖ్య పాత్రధారి జెరెమీ పివెన్, టీవీలో పెద్ద పేరున్నవాడు. అక్టోబర్లో మొదలైన ఆట ఫిబ్రవరి దాకా నడవాలె. డిసెంబర్లో ఆయన నా వల్ల కాదని తప్పుకున్నడు. రక్తంలో పాదరసం ఎక్కువైందని ఆయన డాక్టరు చెప్పిండు. ఏండ్ల తరబడి సుషీ, అంటే జపాను వాళ్ళు పచ్చి చేపతో చేసే వంటకం, విపరీతంగా తిన్నడట. పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం పేరుకుంటదన్నది శాస్త్రం ఒప్పుకున్న మాటే. అయినా ఎవరు నమ్మిన్రు? చేపలు తిని నాటకం మానుడేందని ఊరంతా నవ్వింది. రాసిన మామెటే, ఆయన థర్మామీటరు ఉద్యోగం చూసుకోను పోతున్నడని ఎగతాళి చేసిండు.

నవ్వు సంగతి అట్లుంచండి. నిర్మాతలు నవ్వి ఊరుకోలే, ఒప్పందం తప్పిండని ఫిర్యాదు పెట్టిన్రు. అది తప్పని నేననను. ఒక్కడు తప్పుకుంటే తెర లాగేవాని నుంచి టికెట్టు చింపేవాని దాకా అందరి కూడూ ఊగుతది. అడిగే హక్కు వాళ్ళకుంది. అడిగిన చోటే నాకు ముఖ్యం. 2009 ఫిబ్రవరిలో విచారణకు నటుల సంఘం నుంచి అయిదుగురు, నిర్మాతల సంఘం నుంచి అయిదుగురు కూసున్నరు. ఎవరి మనుషులు వాళ్ళవైపే నిలిచిన్రు, తేలలేదు. అప్పుడు మధ్యవర్తి దగ్గరికి పోయింది. ఆయన ఇరువైపులా విని, ఆ ఆగస్టులో నటుని పక్షాన తీర్పు చెప్పిండు. ఎనిమిది నెలలు పట్టింది. నవ్వినోళ్ళ నవ్వును ఆ తీర్పు వెనక్కి తెచ్చిందా అంటే లేదు. కానీ మనిషికి చెప్పుకునే జాగ ఒకటి దొరికింది.

ఆ జాగ వాళ్ళకు ఊరికే రాలేదు. నటుల సంఘం 1913లో పుట్టింది. అంతకుముందు నటులు వారాలకొద్దీ రిహార్సళ్ళు చేసినా పైసా ఇచ్చేది లేదు. 1919 ఆగస్టులో సమ్మె కట్టి, నెల రోజులు నాటకశాలలు మూయించి సాధించుకున్నరు.

ఇగ ఆ థర్మామీటరు. ఆ హాస్యం చదివితే నాకు నవ్వు రాలేదు, కాఠియావాడ్‌లోని ఒక పంతులు గుర్తొచ్చిండు. నా లెక్కనే బడి పంతులు, అంటరానివాడు. ఆయన ఉత్తరం 1929 డిసెంబర్ 12 నాటి 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. బాబాసాహెబ్ దాన్ని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో మన ముందు పెట్టిండు. పంతులు భార్య బిడ్డను కన్నది, రెండు రోజులకు జబ్బు పడ్డది. డాక్టరు వాడలోకి రానన్నడు. బతిమాలితే, బాలింతను వాడ బయటికి తెస్తే చూస్తానన్నడు. తెచ్చిన్రు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చిండు, ఆయన పంతులుకిచ్చిండు, పంతులు భార్యకు పెట్టిండు. మళ్ళీ అదే వరసన డాక్టరు చేతికి చేరింది. దీపం వెలుగులో గీత చూసి న్యుమోనియా అన్నడు, మందు పంపిండు. మళ్ళొకసారి చూడమంటే రాలేదు. ఆ తల్లి చచ్చిపోయింది.

మా అయ్య జీతమున్నప్పుడు జ్వరమొచ్చి ఒకనాడు పోలేదు. పటేలు వాడ మొగన నిలబడి కేకేసిండు. "లేవనియ్యి చూద్దాం, లేస్తడో లేవడో!" మా అయ్య గోడ పట్టుకొని లేచిండు. "లేచిండు గదా, ఏం జ్వరం?" అన్నడు పటేలు. నుదుటి మీద చెయ్యి పెడితే తెలిసేది. ముట్టడు గనక తెలువదు, తెలువదు గనక నమ్మడు. ఆ పూట అయ్య బదులు మా అమ్మ పోయి పేడ ఎత్తింది, అయినా అయ్యకు నాగ పడ్డది. బ్రాడ్వేలో పివెన్ బదులు వేషం కట్టినోళ్ళకు పేర్లూ జీతాలూ ఉన్నయి, మా అమ్మ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

ఇదంతా పటేలు పాపమని తప్పించుకుందామంటే నాకు మనసొప్పదు. ఆగస్టు 15 నాటకానికి మా బడిలో ఒక పిల్లగాడు, కడుపుల తిప్పుతుంది సార్, నేను చెయ్యనన్నడు. భయంతో సాకులు చెప్తున్నడనుకొని నలుగురిలో గద్దించిన. "వేషాలెయ్యకు" అన్న. సరిగ్గా ఆ మాటే. మూడోనాడు వాళ్ళమ్మ వచ్చి కండ్లు పచ్చబడ్డయి, కామెర్లు అని చెప్పింది. నా వాడ పిల్లగాడే, నేను ముడితే మైలపడేది ఎవ్వరూ లేరు. అయినా నుదుటి మీద చెయ్యి పెట్టలే. పటేలు గొంతు నా గొంతులోకి ఎట్లొచ్చిందో ఇప్పటికీ తెలువదు.

మన కళాకారుల్లో ఇంకో జబ్బుంది. జ్వరంతో గజ్జె కట్టిండు, రక్తం కక్కుతూ పాడిండు అని గొప్పగా చెప్పుకుంటం. 1673లో పారిస్‌లో మోలియేర్, లేని రోగాలు ఊహించుకునే మనిషి వేషంలో ఆడుతూ నిజంగా కూలబడి, కొన్ని గంటలకే ప్రాణం విడిచిండు. అట్ల చస్తే తప్ప రోగాన్ని నమ్మం అన్నట్టే ఉన్నది మన తీరు. ఇక్కడ చిందోళ్ళున్నరు, డప్పు అన్నలున్నరు. కాళ్ళు లేవని రాత్రి ఆట ఆడకపోతే పొద్దున పొయ్యి వెలగని సంగతి మీకంటే నాకు తెలువదు. మనకు సంఘమున్నది గని, అందులో ఒకడు "నాకు చాతగాదు" అంటే వినేటందుకు ఇద్దరు మనుషుల్ని కూడా ఇంతదాక పెట్టుకోలే.

కొందరు ఇందాక చీటీ పంపిన్రు: అతడు నిజంగా అమ్ముడుపోయుంటే? పోయుండొచ్చు. అప్పుడు సంఘం ముందుకు పిలిచి, అతని మాట విని, అతని దిక్కున ఒక మనిషిని కూసోబెట్టి తేల్చుదాం. తేల్చినాక మందలిద్దాం. హోటల్ కాడ తేల్చుడు మాత్రం ఇయ్యాల్టి నుంచి బందు.

మూడు వారాలాయె. ఈ హాల్లో ఉన్నోళ్ళలో అతని ఇంటికి పోయినోళ్ళెవరు? చేతులెత్తండి... నేనూ ఎత్తలే, చూస్తున్నరు గదా. రేపు ఆదివారం, బడి లేదు. ఏడింటి బస్సుకు పోతున్న. పెద్దాసుపత్రిలో గుండె పరీక్షకు తీస్కపోవాలంటే ఖర్చులుంటయి, డబ్బా ఆ బల్ల మీద పెట్టిన. నాతోని వచ్చేటోళ్ళు ఇప్పుడే పేర్లు చెప్పండి.